మీ కంప్యూటర్ చేసిన లెక్కను ఎవరు సరిచూస్తారు? స్వచ్ఛంద కంప్యూటింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో విద్యార్థులు, ఉపాధ్యాయులు, చిన్న దుకాణదారులు కొందరు తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని శాస్త్ర పరిశోధనకు ఇస్తున్నారు. చేరిన ప్రతివారికీ కొద్ది రోజుల్లో అవే సందేహాలు వస్తాయి. ముఖ్యంగా ఫలితం పంపాక అది ఒప్పో తప్పో ఎవరు తేలుస్తారు, తమ కంప్యూటర్‌ను ఎందుకు అనుమానిస్తున్నారు అనే రెండూ. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## చేరే ముందు

స్వచ్ఛంద కంప్యూటింగ్ అంటే నా కంప్యూటర్ అసలు ఏమి చేస్తుంది?

ఒక పెద్ద లెక్కను పరిశోధకులు లక్షల చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కను వర్క్ యూనిట్ అంటారు. మీ కంప్యూటర్ సర్వర్ నుంచి ఒక ముక్కను తెచ్చుకుని, మీరు వాడని సమయంలో లెక్క చేసి, జవాబును తిరిగి పంపుతుంది. 1996లో మొదలైన జింప్స్ అనే ప్రాజెక్టు మెర్సెన్ ప్రధాన సంఖ్యలను, అంటే 2 ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చే రకం ప్రధాన సంఖ్యలను వెతుకుతోంది. 1999లో మొదలైన సెటీ ఎట్ హోమ్ రేడియో సంకేతాల్లో గ్రహాంతర జీవుల జాడ కోసం చూసి, 2020 మార్చి 31న కొత్త పని పంపడం ఆపింది. ప్రోటీన్లు ముడుచుకునే తీరును గమనించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2000 నుంచి నడుస్తోంది. ఈ తరహా ప్రాజెక్టుల్లో చాలా వాటికి బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆధారం.

తెలియని మనుషుల కంప్యూటర్లు చేసిన లెక్కలను శాస్త్రజ్ఞులు ఎలా నమ్ముతారు?

నమ్మరు, సరిచూస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా వాడే పద్ధతి ఒకే ముక్కను ఒకరికొకరు తెలియని ఇద్దరికి పంపడం. ఇద్దరి జవాబులూ కలిస్తే అంగీకరిస్తారు, కలవకపోతే మూడో వ్యక్తికి పంపుతారు. అంగీకారానికి కావలసిన కనీస సంఖ్యను కోరం అంటారు. ప్రాజెక్టు అధికారికంగా ఎంచుకుని దాచుకునే జవాబు ఒక్కటే ఉంటుంది.

తోతాపురి మామిడి లోడుతో వచ్చిన లారీని ఇద్దరు వేర్వేరు యజమానుల కాటాల మీద తూచినట్లు అనుకోండి. రెండు తూకాలూ సరిపోతే రైతుకూ గుజ్జు ఫ్యాక్టరీకీ పేచీ ఉండదు. కాటాలు రెండూ ఒకే కంపెనీవై, రెండింటిలోనూ ఒకే లోపం ఉంటే మాత్రం తూకాలు కలిసినా అవి తప్పే. ఈ పద్ధతికి ఉన్న బలమూ బలహీనతా ఇందులోనే ఉన్నాయి.

అంకెల్లో చూద్దాం. వందలో ఒక ఫలితం యాదృచ్ఛికంగా తప్పు పోతుందనుకుంటే, ఒకే ముక్క మీద రెండు కంప్యూటర్లూ తప్పు చేసే అవకాశం పదివేలలో ఒకటి. ఆ రెండు తప్పులూ అచ్చంగా ఒకే విలువగా రావడం ఇంకా ఎంతో అరుదు. అయితే రెండు తప్పులకూ సంబంధం లేనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. అందుకే బోయింక్‌లో ఒకే ఖాతాదారుకు ఒక ముక్క రెండు ప్రతులూ వెళ్లకుండా ఆపే వీలు ఉంది.

నా కంప్యూటర్ పాతది. వేగం తక్కువ. అయినా పనికొస్తుందా?

పనికొస్తుంది. గడువులోగా సరైన జవాబు ఇచ్చే నిదానమైన యంత్రం, పదింటిలో ఒకటి తప్పు చేసే వేగవంతమైన యంత్రం కన్నా ఎంతో మేలు. తప్పు ఫలితం వచ్చిన ప్రతిసారీ అదే ముక్కను మరొకరు మళ్లీ చేయాలి, అంటే ఆ యంత్రం ఇతరుల సమయాన్ని కూడా తింటుంది. మీ పరికరానికి తగిన చిన్న ముక్కలు ఇచ్చే ప్రాజెక్టును ఎంచుకోండి. వారాల తరబడి నడిచే వాతావరణ నమూనాల జోలికి మొదట్లోనే వెళ్లకండి.

వాళ్లు నన్ను సరిచూస్తారు సరే. వాళ్లు పంపే ప్రోగ్రాంను నేను ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. కానీ ప్రతివారూ అడగవలసినదే. బోయింక్‌లో ప్రాజెక్టు పంపే ప్రతి ప్రోగ్రాం ఫైలుకూ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం చేసే తాళంచెవిని ఇంటర్నెట్‌కు కలపని కంప్యూటర్‌లో ఉంచమని బోయింక్ నిర్వాహకులకు సలహా ఇస్తుంది. అలా ఉంచితే, సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా మీకు నకిలీ ప్రోగ్రాం పంపలేరు, సంతకం కుదరక మీ కంప్యూటర్ దాన్ని తిరస్కరిస్తుంది. అయితే ప్రాజెక్టు నిర్వాహకులే చెడ్డవారైతే సంతకం కాపాడదు. కనుక విశ్వవిద్యాలయం లేదా పేరున్న పరిశోధన సంస్థ నడిపే ప్రాజెక్టుల్లోనే చేరండి.

మా కాలేజీ ల్యాబులో రాత్రిపూట కంప్యూటర్లన్నీ ఖాళీగా ఉంటాయి. వాటిలో వేయవచ్చా?

రాతపూర్వక అనుమతి లేకుండా వేయకూడదు. యంత్రాలు, కరెంటు, నెట్‌వర్కు కాలేజీవి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక సాంకేతిక కళాశాలలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి అనుమతి లేకుండా ఇలాంటి ప్రోగ్రాం వేసినందుకు క్రిమినల్ కేసు ఎదుర్కొన్నారు. 2002లో రాజీతో అది ముగిసింది. ఉద్దేశం మంచిదైనా ఆయనకు మిగిలింది ఇబ్బందే. విభాగాధిపతిని అడగండి, ఏ కంప్యూటర్లు, ఏ గంటల్లో, ఎవరి బాధ్యత అన్నది కాగితం మీద పెట్టించుకోండి. ఇచ్చేవారు ఇస్తారు.

## కంప్యూటర్ నడుస్తున్నప్పుడు

మే నెలలో మా ఇంట్లో నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కూడా నడపవచ్చా?

మన ప్రాంతంలో ఫలితాలు చెడటానికి వేడిని నేను మొదటి కారణంగా చూస్తాను. సినిమా చూసేటప్పుడు ప్రాసెసర్ ఎక్కువ సేపు విశ్రాంతిలోనే ఉంటుంది. ఈ లెక్కల్లో గంటల తరబడి పూర్తి బరువు మోస్తుంది. గది వేడి నలభై ఉంటే ఫ్యాను లోపలికి లాగేది కూడా ఆ వేడి గాలే. ఆధునిక ప్రాసెసర్లు మరీ వేడెక్కితే వేగం తగ్గించుకుని తమను తాము కాపాడుకుంటాయి. కానీ మెమరీ చిప్పులు, మదర్‌బోర్డు మీది విద్యుత్ భాగాలు, గ్రాఫిక్స్ కార్డు మెమరీ అంత జాగ్రత్తగా ఉండవు. అక్కడ ఒక్క బిట్ తారుమారైతే కంప్యూటర్ ఆగిపోదు, తెరమీద ఏ హెచ్చరికా రాదు. లెక్క మాత్రం తప్పుతుంది. ఆగిపోయే కంప్యూటర్ కన్నా ఇలా నిశ్శబ్దంగా తప్పు చేసేది ప్రమాదకరం.

చేయవలసినవి ఇవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఆపేసి, రాత్రి పది తరువాతే నడపండి. బోయింక్ అమరికల్లో గంటలు నిర్ణయించే వీలుంది. ప్రాసెసర్ కోర్లన్నీ ఇవ్వకుండా సగం ఇవ్వండి. పెట్టెను గోడకూ బీరువాకూ మధ్య ఇరికించకండి. నెలకోసారి దుమ్ము దులపండి, రోడ్డు పక్క ఇళ్లలో ఇంకా తరచుగా. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి నడపడం అసలు వద్దు.

కరెంటు పోతే అప్పటిదాకా చేసిన లెక్కంతా పోతుందా?

సాధారణంగా పోదు. చాలా ప్రోగ్రాంలు కొద్ది నిమిషాలకోసారి తాము ఎక్కడిదాకా వచ్చాయో డిస్కులో రాసుకుంటాయి. కరెంటు వచ్చాక అక్కడి నుంచే మొదలవుతాయి. రాసుకునే క్షణంలోనే కరెంటు పోతే ఆ ఫైలు చెడిపోవచ్చు, అప్పుడు టాస్కు, అంటే మీకు వచ్చిన ముక్క పని, ఎర్రర్‌తో ముగుస్తుంది. వోల్టేజి తరచుగా పడిపోయే వీధుల్లో చిన్న యూపీఎస్ ఉండటం మంచిది. పది నిమిషాలు నిలబెట్టగలిగితే చాలు, కంప్యూటర్‌ను సవ్యంగా ఆపే వ్యవధి దొరుకుతుంది.

ఓవర్‌క్లాక్ చేసిన (నిర్ణీత వేగాన్ని మించి నడిపే) కంప్యూటర్‌లో ఆటలన్నీ బాగానే ఆడుతున్నాయి. మరి ఫలితాలు ఎందుకు తప్పుతున్నాయి?

ఆటలో ఒక చుక్క రంగు తప్పితే కంటికి కనబడదు, మరుక్షణం కొత్త చిత్రం వస్తుంది. ఇక్కడ ఒక అంకె తప్పితే ఆ తప్పు మీదే తరువాతి లక్షల లెక్కలు నిలబడతాయి. తయారీదారు నిర్ణయించిన వేగానికి తెచ్చి ఒక వారం చూడండి. ఫలితాలు సరిపోతే కారణం అదే. శాస్త్రానికి ఇచ్చే యంత్రాన్ని ఓవర్‌క్లాక్ చేయవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

మెమరీ బాగుందో లేదో నేనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్ నుంచి ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా ఆ మెమరీ కర్రను మార్చాలి, లేదా తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టి చూడాలి. ప్రాసెసర్‌ను పరీక్షించడానికి జింప్స్ వారి ప్రైమ్95లో టార్చర్ టెస్ట్ ఉంది. జవాబు ముందే తెలిసిన లెక్కలను చేయించి పోల్చుతుంది. పాత కంప్యూటర్ కొన్నవారు ఏ ప్రాజెక్టులోనైనా చేరే ముందే ఈ రెండూ చేయడం మేలు.

కొత్త ప్రాసెసర్ కూడా తప్పు లెక్క చేస్తుందా?

చేసిన సందర్భాలు ఉన్నాయి. 1994లో థామస్ నైస్లీ అనే అమెరికన్ గణిత ఆచార్యుడు జంట ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ, పెంటియం ప్రాసెసర్ భాగహారంలో తప్పు చేస్తోందని కనిపెట్టారు. తన ఫలితాలను వేరే విధంగా కూడా లెక్కించి పోల్చుకోవడం వల్లే అది బయటపడింది. తరువాత ఇంటెల్ ఆ చిప్పులను మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఇంటెల్ వారి స్కైలేక్ ప్రాసెసర్లలో మరో లోపం ప్రైమ్95 నడిపేవారి వల్ల 2016లో వెలుగులోకి వచ్చింది. కంపెనీ పరీక్షలకు చిక్కని లోపం స్వచ్ఛంద సేవకుల సుదీర్ఘ లెక్కల్లో దొరికింది.

ఫోనులో కూడా నడపవచ్చా?

ఆండ్రాయిడ్ ఫోనుకు బోయింక్ ఉంది. సాధారణ అమరికల ప్రకారం చార్జింగులో ఉండి, వైఫై ఉన్నప్పుడే పనిచేస్తుంది. కవరు తీసి, నీడలో పెట్టండి. వేసవిలో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కనుక అప్పుడు మానేయండి.

## ఫలితం పంపాక

నేను పంపి మూడు వారాలైంది. ఇంకా "వ్యాలిడేషన్ పెండింగ్" అనే ఉంది. ఏదైనా తప్పు చేశానా?

మీ తప్పు ఏమీ లేదు. అదే ముక్క ప్రతి ఇంకొకరి దగ్గర ఉంది, వారు ఇంకా పంపలేదు. వారి గడువు ముగిసేదాకా సర్వర్ ఎదురుచూస్తుంది. వారు పంపకపోతే మూడో వ్యక్తికి కొత్తగా పంపి, ఆ గడువు కూడా మొదలుపెడుతుంది. అందుకే ఒక్కోసారి నెల దాటుతుంది. ఇలాంటి ఆలస్యాన్ని తగ్గించడానికి బోయింక్‌లో ఒక ఏర్పాటు ఉంది. తిరిగి పంపవలసిన ముక్కలను, త్వరగా తప్పులేకుండా పంపే అలవాటున్న కంప్యూటర్లకే తక్కువ గడువుతో ఇవ్వవచ్చు. మీకు ఎప్పుడైనా అసాధారణంగా తక్కువ గడువుతో టాస్కు వస్తే, మీ కంప్యూటర్ మీద నమ్మకం కుదిరి పంపి ఉండవచ్చు.

"ఇన్‌కన్‌క్లూసివ్" అని వచ్చింది. నాదే తప్పని తేల్చారా?

ఇంకా ఏదీ తేల్చలేదు. మీ జవాబూ మీ జోడీ (అదే ముక్క చేసిన రెండో వ్యక్తి) జవాబూ కలవలేదని మాత్రమే దాని అర్థం. మూడో జవాబు వచ్చాక మీతో కలిస్తే మీది చెల్లుతుంది. అప్పుడప్పుడు ఒకటి వస్తే పట్టించుకోనక్కరలేదు. మీ జాబితాలో పదింటిలో రెండు మూడు ఇలాగే ఉండి, వాటిలో ఎక్కువ మీకు వ్యతిరేకంగానే తేలుతుంటే మాత్రం పని ఆపి, వేడినీ మెమరీనీ చూసుకోండి.

ఇద్దరి జవాబులూ చివరి అంకెదాకా ఒకటే ఉండాలా? వేర్వేరు కంపెనీల ప్రాసెసర్లు కదా?

ఇది మంచి ప్రశ్న, దీని లోతు చాలామందికి తెలియదు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను పరిమిత బిట్లలో దాచుకుంటుంది కనుక ప్రతి అడుగులోనూ కొంత గుండ్రం చేస్తుంది. దానితో కూడికలో వరస మారినా జవాబు మారుతుంది. సాధారణ 64 బిట్ల లెక్కలో 0.1, 0.2 ముందు కలిపి దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కలిపి 0.1కి చేరిస్తే 0.6 వస్తుంది. ప్రాసెసర్ రకం, కంపైలర్, గణిత లైబ్రరీ మారితే ఈ వరసా గుండ్రం చేసే తీరూ మారిపోతాయి. రెండు యంత్రాలూ సరిగ్గానే పనిచేసి, వేర్వేరు జవాబులు ఇవ్వవచ్చు. వాతావరణం, అణువుల కదలిక వంటి లెక్కల్లో పదహారో అంకెలోని తేడా లక్షల అడుగుల తరువాత మొదటి అంకెదాకా పాకుతుంది.

ప్రాజెక్టులు దీన్ని మూడు విధాలుగా ఎదుర్కొంటాయి. కొన్ని "ఇంత తేడా దాకా పరవాలేదు" అని హద్దు పెట్టుకుంటాయి. కొన్ని ఒక ముక్క ప్రతులన్నిటినీ ఒకే తరహా ప్రాసెసర్, ఒకే ఆపరేటింగ్ సిస్టం ఉన్న కంప్యూటర్లకే పంపుతాయి. ఇందులో ఆ తరహాలోనే లోపం ఉంటే బయటపడదన్న చిక్కు ఉంది. మూడోది అన్నిటికన్నా కష్టమైనది, నాకు అన్నిటికన్నా నచ్చినది. ప్రోటాన్ల కదలికను లెక్కించే ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ వారు తమ ప్రోగ్రాంలో ప్రత్యేక గణిత లైబ్రరీ వాడి, ఏ యంత్రంలోనైనా చివరి బిట్ దాకా ఒకే జవాబు వచ్చేలా చేశారు.

మొత్తం పూర్ణాంకాలతో తేలే లెక్కలకు ఈ బెడద లేదు. జింప్స్‌లో పరీక్ష చివర మిగిలే పెద్ద శేషంలో చివరి 64 బిట్లను పోల్చుతారు. అవి అచ్చంగా కలవాలి.

ప్రతిదీ రెండుసార్లు చేయిస్తే సగం కరెంటు వృథా కాదా?

అవును, ఖర్చే. బిల్లు కట్టేది మనం కనుక అడిగే హక్కు మనకుంది. నూరు వాట్ల అదనపు వాడకంతో రోజంతా నడిస్తే నెలకు 72 యూనిట్లు. ఆ ఖర్చులో సగం సరిచూడటానికే పోవడం చిన్న విషయం కాదు. అందుకే ప్రాజెక్టులు దారులు వెతికాయి.

మొదటిది, నమ్మకం సంపాదించిన వారికి తనిఖీ తగ్గించడం. మీ కంప్యూటర్ వరుసగా ఎన్ని సరైన ఫలితాలు ఇచ్చిందో బోయింక్ లెక్కపెట్టుకుంటుంది. ఆ వరస ఒక హద్దు దాటాక మీ ముక్కల్లో కొన్నిటినే జోడీకి పంపుతుంది. వరస పెరిగేకొద్దీ తనిఖీలు తగ్గుతాయి. ఏది తనిఖీకి పోతుందో మీకు ముందుగా తెలియదు. ఒక్కటి తప్పినా వరస మొదటికి వస్తుంది. ఈ లెక్క మీ పేరు మీద కాక, మీ కంప్యూటర్‌కూ అది నడిపే ప్రోగ్రాం వెర్షన్‌కూ కలిపి ఉంటుంది. ప్రాసెసర్ మంచిదై గ్రాఫిక్స్ కార్డు చెడ్డదైతే ఆ తేడా అలా తెలుస్తుంది.

రెండోది, కనుక్కోవడం కష్టమైనా సరిచూడటం సులువైన లెక్కలను ఎంచుకోవడం. ఒక పెద్ద సంఖ్యకు కారణాంకాలు వెతకడానికి నెలలు పట్టవచ్చు. దొరికాక గుణించి చూడటం క్షణం పని. రోసెట్టా ఎట్ హోమ్‌లో ప్రోటీన్ ఆకారం వెతకడానికి గంటలు పడుతుంది. దొరికిన ఆకారం శక్తి విలువను మళ్లీ లెక్కించడం తేలిక.

మూడోది, లెక్కతో పాటే రుజువునూ పుట్టించడం. జింప్స్‌లో ఒకప్పుడు ప్రతి సంఖ్యకూ పూర్తి పరీక్షను రెండుసార్లు చేసేవారు. కొన్నేళ్ల తరువాత రెండోది జరిగేది. రాబర్ట్ గెర్బిచ్ కనిపెట్టిన తనిఖీ వల్ల 2018 నుంచి లెక్క మధ్యలోనే యంత్రపు తప్పులు పట్టుబడుతున్నాయి. తప్పు దొరికితే వెనక్కు వెళ్లి మళ్లీ మొదలుపెడుతుంది. 2020 నుంచి పరీక్షతో పాటు ఒక రుజువు ఫైలు కూడా తయారవుతోంది. దాన్ని మరో కంప్యూటర్ సరిచూడటానికి అసలు పనిలో నూరో వంతు కన్నా తక్కువ శ్రమ చాలు. రెండోసారి పూర్తి పరీక్ష అవసరం తప్పింది. ఎంతో కరెంటును ఒక గణిత ఆలోచన ఆదా చేసింది.

## క్రెడిట్, నమ్మకం, మోసం

క్రెడిట్ అంటే డబ్బా?

డబ్బు కాదు. మీరు చేసిన పనికి కొలత మాత్రమే. బోయింక్‌లో ఒక ప్రామాణిక వేగం, అంటే సెకనుకు వంద కోట్ల దశాంశ లెక్కలు చేసే కంప్యూటర్, రోజంతా పనిచేస్తే 200 క్రెడిట్లు. ఫలితం చెల్లినప్పుడే అవి మీ ఖాతాకు చేరతాయి. క్రెడిట్లు అమ్ముతాం, కొంటాం అనేవారిని దూరం పెట్టండి.

ఎవరైనా కావాలని తప్పుడు ఫలితాలు పంపితే?

పంపినవారు ఉన్నారు. సెటీ ఎట్ హోమ్ తొలి ఏళ్లలో జాబితాలో పైకి ఎక్కాలన్న ఆశతో ప్రోగ్రాంను మార్చుకున్నవారు ఉన్నారు. లెక్క చేయకుండానే చేసినట్లు చూపడం వారి ఉద్దేశం. శాస్త్రానికి ఇంతకన్నా పెద్ద కీడు లేదు, ఎందుకంటే యంత్రపు తప్పు యాదృచ్ఛికం, మనిషి తప్పుకు పథకం ఉంటుంది.

దీన్ని ఎదుర్కొనే మార్గాలను లూయిస్ సార్మెంటా అనే కంప్యూటర్ పరిశోధకుడు 2000 దశకం తొలినాళ్లలో వివరంగా అధ్యయనం చేశారు. జవాబు తమకు ముందే తెలిసిన ముక్కలను మామూలు ముక్కల మధ్య కలిపి పంపడం ఒక మార్గం. ఏది పరీక్షో తెలియదు కనుక మోసగాడు అన్నిటినీ నిజంగా చేయాలి, లేదా పట్టుబడాలి. పట్టుబడితే అతను అంతకుముందు పంపినవన్నీ కూడా కొట్టేసి మళ్లీ చేయిస్తారు. ప్రతి కంప్యూటర్‌కూ దాని చరిత్రను బట్టి నమ్మకపు విలువ కట్టి, ఒక ఫలితం మీద మొత్తం నమ్మకం కావలసినంత చేరేదాకా ప్రతులు పంపడం మరొకటి. అప్పుడు మంచి చరిత్ర ఉన్న ఇద్దరు చాలు, కొత్తవారైతే నలుగురు కావలసి రావచ్చు.

కొత్తగా చేరిన మీ ముక్కలన్నిటికీ జోడీ ఉండటానికి కారణం ఇదే. మీ నిజాయితీని శంకించి కాదు. మీ చరిత్ర ఇంకా రాసి లేదు.

వరుసగా ఎర్రర్లు వచ్చాయి. ఇప్పుడు రోజుకు ఒక్క టాస్కే వస్తోంది. నన్ను నిషేధించారా?

నిషేధం కాదు, రోజువారీ కోటా తగ్గింది. చెడిపోయిన కంప్యూటర్ ఒక్కో ముక్కనూ సెకనులో పాడుచేసి, మరొకటి అడిగి, రోజుకు వేల ముక్కలను వృథా చేయగలదు. దాన్ని ఆపడానికి ప్రతి ఎర్రర్‌కూ కోటా తగ్గుతుంది. సరైన ఫలితాలు వచ్చేకొద్దీ వేగంగా తిరిగి పెరుగుతుంది. ముందు కారణం సరిచేయండి. సాధారణంగా గ్రాఫిక్స్ డ్రైవర్, డిస్కులో చోటు, లేదా యాంటీవైరస్ అడ్డుపడటం కారణాలై ఉంటాయి. సరిచేస్తే కొద్ది రోజుల్లో మామూలవుతుంది.

ఒక ముక్క అందరి దగ్గరా విఫలమైతే లోపం ముక్కలోనే ఉన్నట్లు లెక్క. సర్వర్ దాన్ని పక్కన పెడుతుంది, మీ తప్పేమీ ఉండదు.

గడువు దాటాక పంపితే చెల్లదా?

మీ బదులు మరొకరు పూర్తి చేసి, ముక్క ముగిసిపోతే చెల్లకపోవచ్చు. ఇంకా ముగియకపోతే చాలా ప్రాజెక్టులు అంగీకరిస్తాయి. ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో ఒక ముక్క ముగిస్తేనే దాని తరువాతి ముక్క తయారవుతుంది. అక్కడ మీ ఆలస్యం ఒక వరసనంతా ఆపుతుంది. అందుకే త్వరగా పంపినవారికి అదనపు పాయింట్లు ఇస్తారు. దానికి అర్హత రావాలంటే పాస్‌కీ (మిమ్మల్ని గుర్తించే రహస్య సంకేతం) తీసుకుని, కనీసం పది ముక్కలు పూర్తిచేసి, పంపినవాటిలో 80 శాతమైనా విజయవంతం కావాలి.

పరీక్షలు వస్తున్నాయి, మానేయాలి. ఎలా మానాలి?

చెప్పి మానండి. "కొత్త పని వద్దు" నొక్కి, ఉన్నవి పూర్తయ్యాక ఆపండి. అంత వ్యవధి లేకపోతే మిగిలినవాటిని అబార్ట్ చేయండి. అప్పుడు సర్వర్‌కు వెంటనే తెలిసి మరొకరికి పంపుతుంది. ఏమీ చేయకుండా ప్రోగ్రాం తీసేస్తే మీ జోడీ మీ గడువు ముగిసేదాకా ఊరికే ఎదురుచూస్తారు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లే హాస్టల్ విద్యార్థులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

## మనుషులే సరిచూసే పనులు

గెలాక్సీల ఫొటోలు చూసి వర్గీకరించే ప్రాజెక్టులో చేరాను. అక్కడ కంప్యూటర్ కాదు, నేనే కదా చూసేది. నా జవాబును ఎలా నమ్ముతారు?

అక్కడ కూడా ఒకే చిత్రాన్ని అనేకమందికి చూపి ఓట్లు తీసుకుంటారు. కానీ మనుషుల తప్పులు యాదృచ్ఛికం కావు, కొన్ని అందరిలోనూ ఒకేలా ఉంటాయి. 2007లో మొదలైన గెలాక్సీ జూలో సర్పిలాకార గెలాక్సీలు అపసవ్య దిశలో తిరిగేవే ఎక్కువని ఓట్లలో తేలింది. పరిశోధకులు అవే చిత్రాలను అద్దంలో చూసినట్లు తిప్పి మళ్లీ చూపారు. అప్పుడు కూడా అపసవ్యమే ఎక్కువ వచ్చింది. గెలాక్సీల్లో కాదు, చూసేవారి తీరులోనే మొగ్గు ఉందని తెలిసింది. ఎంతమంది ఓటేసినా ఆ లోపం పోయేది కాదు, ప్రశ్నను తిప్పి అడగడం వల్లే బయటపడింది.

2006 నాటి స్టార్‌డస్ట్ ఎట్ హోమ్ మరో దారి పట్టింది. అంతరిక్ష ధూళి జాడలు వెతికే ముందు అందరూ ఒక చిన్న పరీక్ష నెగ్గాలి. తరువాత కూడా జవాబు తెలిసిన చిత్రాలు మధ్యమధ్య వస్తూనే ఉంటాయి. వాటిని బట్టి ఒక్కొక్కరి చూపు ఎంత నమ్మదగినదో కొలుస్తారు.

## సొంత ప్రాజెక్టు పెట్టాలనుకునేవారికి

మేము తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులం. గాదంకి రాడార్ సమాచారం లాంటిదాన్ని ఇలా పంచి లెక్కించే ప్రాజెక్టు పెట్టవచ్చా?

ఊరిలో ఐఐటీ, ఐసర్, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, దగ్గరలో గాదంకి వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నచోట ఈ ఆలోచన రావడం నాకు సంతోషం. సమాచారం వాడుకునే అనుమతి ముందుగా ఆ సంస్థ నుంచి తీసుకోవాలి. ఆ తరువాత మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. లెక్కను ఒకదాని మీద ఒకటి ఆధారపడని ముక్కలుగా విడగొట్టగలరా? ఒక్కో ముక్కలో సమాచారం తక్కువగా, లెక్క ఎక్కువగా ఉందా? తిరిగి వచ్చిన జవాబును ఎలా సరిచూస్తారు?

మూడో ప్రశ్నకు జవాబు లేకుండా మొదటి వరుస కోడ్ కూడా రాయకండి. సరిచూసే ప్రోగ్రాంను ముందు రాయండి. మీ ల్యాబులోనే వేర్వేరు ప్రాసెసర్లున్న నాలుగు కంప్యూటర్లలో ఒకే ముక్కను నడిపి, జవాబుల్లో తేడా ఎంతో చూడండి. మీ హద్దు దాని నుంచి రావాలి. కావాలని చెడగొట్టిన ఫలితాలను కూడా పంపి, అవి పట్టుబడుతున్నాయో లేదో చూడండి. మొదట్లో కోరం రెండుగానే ఉంచండి. ఎవరి కంప్యూటర్ ఎలాంటిదో తెలిశాక తగ్గించుకోవచ్చు.

స్వచ్ఛంద సేవకులు అంతా సరిగ్గా చేసినా, సర్వర్ వైపు తప్పు జరిగితే?

జరిగింది కూడా. డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వారు ఆర్‌సీ5-64 అనే రహస్య సంకేతలిపిని విప్పే తాళంచెవి కోసం 1757 రోజులు వెతికారు. 2002 జూలై 14న ఒక కంప్యూటర్ సరైన తాళంచెవిని పంపింది. స్క్రిప్టు లోపం వల్ల ఆగస్టు 12 దాకా ఎవరూ గమనించలేదు. జింప్స్‌లో 2015 సెప్టెంబరులో ఒక కంప్యూటర్ 2,23,38,618 అంకెల ప్రధాన సంఖ్యను కనుక్కుని చెప్పింది. సమాచారం తెలిపే ఈమెయిల్ వెళ్లక, 2016 జనవరిలో సర్వర్ నిర్వహణ పనుల్లో అది కంటపడింది. ప్రాజెక్టు నడిపేవారు ఏడాదికి ఒకసారైనా నకిలీ "ఆవిష్కారం" ఒకటి పంపి, గంట మోగుతుందో లేదో చూసుకోవాలి.

నిజంగా కొత్తది నా కంప్యూటర్‌లో దొరికితే ఆ పేరు నాకు వస్తుందా? మళ్లీ ఎవరు సరిచూస్తారు?

ప్రాజెక్టును బట్టి ఉంటుంది. చాలావాటిలో పేరు ఇస్తారు. 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ఒక కొత్త పల్సార్‌ను, అంటే క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాన్ని కనుక్కుంది. అమెరికాలోని అయోవాలో ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలోని మైంజ్‌లో మరొకరి కంప్యూటర్ అదే ముక్కను చేసి అదే జవాబు ఇచ్చాయి. గుర్తింపు వారందరికీ దక్కింది. కోరంలో మీ జోడీ మీకు ఆవిష్కారంలోనూ భాగస్వామి అన్నమాట. ఆ తరువాత రేడియో టెలిస్కోపులతో ఆకాశంలో ఆ చోటును మళ్లీ చూశారు.

ప్రధాన సంఖ్యల విషయంలో నియమం ఇంకా కఠినం. 2024 అక్టోబరు 11న డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ ప్రాసెసర్ 2 ఘాతం 13,62,79,841 నుంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కావచ్చని చెప్పింది. మరునాడు టెక్సస్‌లోని మరో ప్రాసెసర్ వేరే పరీక్షతో దాన్ని నిర్ధారించింది. అంతటితో ఆగకుండా, వేర్వేరు ప్రోగ్రాంలతో వేర్వేరు రకాల యంత్రాల మీద మళ్లీ పరీక్షించి, అన్నీ ఒకే మాట చెప్పాకే అక్టోబరు 21న 4,10,24,320 అంకెల ఆ సంఖ్యను ప్రపంచానికి ప్రకటించారు.